కాళ్ళు పాతవి

బేకరీ పిన్నిగారు మేజోళ్ళు విప్పి, ఎడంకాలు స్టూలు మీద పెట్టి, ఇక మీదే ఆలస్యం అన్నట్టు కూర్చుంది. సరిగ్గా అప్పుడే స్కానర్ మొండికేసింది. కోడలు మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది, కేబుల్ పీకి మళ్ళీ పెట్టింది. తెర మీద అదే మాట: డిస్కులో చోటు లేదు.

“ఒక్క నిమిషం పిన్నిగారూ,” అంది కోడలు.

“పొయ్యి మీద ఏదీ పెట్టి రాలేదులే, నిదానంగా కానివ్వు,” అంది బేకరీ పిన్ని. అంటూనే గోడ గడియారం వంక చూసింది. నిదానంగా అన్న మనిషి గడియారం చూస్తే మనకు కాళ్ళూ చేతులూ ఆడవు. కోడలికీ ఆడలేదు.

ఆ ఇంట్లో ముందుగది షాపు, వెనకగది వర్క్‌షాపు. అక్కడ తయారయ్యేవి అందరూ కొనుక్కునే బూట్లు కావు. రెండు కాళ్ళూ ఒక కొలతలో లేనివాళ్ళకీ, వేలు మీద వేలు ఎక్కినవాళ్ళకీ, పొద్దస్తమానం నిలబడి అరికాళ్ళు చదునైపోయినవాళ్ళకీ ఒక్కొక్కరికి ఒక్కొక్క జత. అందుకు ముందుగా ప్రతి పాదానికీ ఒక చెక్క పాదం చెయ్యాలి. దాని మీదే తోలు లాగి బిగించి బూటు కుడతారు. ఆ చెక్క పాదం కుదిరిందా, బూటు కుదిరినట్టే. అది కుదరకపోతే మీరు పైన ఎంత మంచి తోలు వేసినా నడిచేవాడు మిమ్మల్ని తలుచుకుని తిట్టుకుంటాడు.

చెక్క పాదాలు మామగారి విద్య. జీవితమంతా వాటిని చేత్తో చెక్కారు. ఒకరి చిటికెనవేలి దగ్గర గోరంత తీసి, ఇంకొకరి మడమ కింద రవ్వంత పెంచి, వేసుకున్నవాళ్ళు ఏడాదికోసారి వచ్చి చెప్పే మాట విని మళ్ళీ సవరించి, ఒక్కో పాదాన్నీ ఒక దారికి తెచ్చారు. తర్వాత చెక్కలకు చెదలు పట్టింది. ఆ వెనకే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. చెదలు వచ్చినప్పుడు కసురుకున్నారు గానీ, చెయ్యి వణికినప్పుడు మాత్రం ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. ఉలి కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేశారు.

అలాంటి సమయంలో వచ్చింది కోడలు. పెళ్ళికి ముందు ఆమె ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేది. వచ్చీ రాగానే స్కానర్ పెట్టించింది, మిగిలిన చెక్క పాదాలన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించింది, పక్కగదిలో చెక్క చెక్కే మెషీన్‌ని దానికి కలిపింది. మామగారికి ఎడంచేత్తో మౌస్ పట్టుకోవడం నేర్పింది. ఆయన తెర మీద పాదాన్ని అటూ ఇటూ తిప్పి, గోరంత తీసి, రవ్వంత పెంచి సేవ్ చేస్తే, మెషీన్ గుర్రుమంటూ అచ్చం అలాగే చెక్కి పెట్టేది. మొదటి పాదం బయటికి వచ్చినరోజు ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరారు. ఇప్పుడాయన విద్య అంతా ఆ డిస్కులోనూ, దాని బ్యాకప్‌లోనూ ఉంది. మరెక్కడా లేదు. అది పోతే మళ్ళీ చెక్కడానికి ఆ చెయ్యి లేదు.

ఈ సంగతి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా తెలిసింది కోడలికే. అందుకే ఆమెకు ఆ డిస్కు అంటే చంటిపిల్లని ఎత్తుకున్నంత భయం.

భయం ఉన్నచోట శుభ్రత కూడా ఎక్కువే. మామగారు ఫోల్డర్లకు పెట్టే పేర్లు చూసి ఆమెకు మొదట్లోనే మతి పోయింది. ఆయన పద్ధతి ఆయనది. మనిషి పేరు కాదు, ఆ మనిషి ఎవరో రాస్తారు. ఏ కాలో రాస్తారు. ఆ తర్వాత, బూటు వేసుకుని నాలుగడుగులు వేసి వాళ్ళు మొట్టమొదట అన్న మాటని కొటేషన్లలో పెడతారు. బేకరీ పిన్నిగారి ఫోల్డర్ పేరు ఇలా ఉండేది: బేకరీ ఆవిడ ఎడమ "నిలబడితే నిలబడ్డట్టే తెలియలేదండీ". మంచి మాట వచ్చేదాకా కొటేషన్లు ఖాళీగా ఉంచుతారు. అంటే ఇంకా పని ఉందని గుర్తు.

“మామయ్యా, పేర్లలో స్పేసులూ కొటేషన్లూ ఉండకూడదు. కంప్యూటర్‌కి పనులు చెబుతూ నేను రాసే స్క్రిప్టులకు కష్టం,” అని చెప్పింది ఆమె అప్పట్లో.

“మనిషికి బాగానే తెలుస్తోంది కదమ్మా.”

“మనిషికి తెలుస్తుంది. కంప్యూటర్‌కి స్పేసు కనపడితే పేరు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. మిగతాది ఇంకొకరి పేరు అనుకుంటుంది.”

“ఊపిరి పీల్చుకోడానికి ఆగినా మాట అయిపోయిందనుకునే రకమన్నమాట. మీ అత్తయ్య లాగ,” అన్నారు మామగారు.

ముందుగదిలోంచి అత్తగారు, “వినపడుతోంది,” అన్నారు.

ఆ తర్వాత కోడలు కూర్చుని పేర్లన్నీ తీసేసి నంబర్లు పెట్టింది. పాత ఫోల్డర్ పేరు ‘కాళ్ళు పాతవి’ అని మార్చి పక్కన పెట్టింది. నంబర్లున్న కొత్తదానికి ‘కాళ్ళు’ అని పేరు పెట్టింది. అందరికీ స్పేసులు వద్దని పాఠం చెప్పిన మనిషి, తన చేత్తో తనే ‘కాళ్ళు’ తర్వాత ఒక స్పేసు కొట్టి ‘పాతవి’ అని రాసింది. మామగారికి చదువుకోడానికి వీలుగా ఉంటుందని. కొన్నాళ్ళు ఉంచి తీసేద్దామని. మామగారు కొత్త ఫోల్డర్ చూసి, “చక్కగా సర్దావమ్మా, మందుల షాపులా ఉంది,” అన్నారు. ఆమె దాన్ని పొగడ్తగానే తీసుకుంది.

ఇప్పుడు చోటు లేదని స్కానర్ మొరాయించేసరికి ఆమెకు మొదట గుర్తొచ్చింది ఆ పాతదే. డిస్కు ఇంత త్వరగా ఎందుకు నిండిందో ఆమెకు అర్థం కాలేదు. స్కానర్ పెద్దపెద్ద ఫైళ్ళు చేస్తోంది కాబోలు అనుకుంది. పాతదాన్ని తీసేస్తే సగం డిస్కు ఖాళీ. స్క్రిప్టు కూడా ఎప్పుడో రాసి పెట్టుకుంది. ముందు పాత ఫోల్డర్ని తీసేస్తుంది, తర్వాత రెండో డిస్కులో ఉన్న బ్యాకప్‌ని అచ్చు దీనిలాగే చేసేస్తుంది. ఇక్కడ లేనిది అక్కడా ఉండదు.

ఆ వర్క్‌షాపులో ఒక అలవాటు ఉంది. తోలు కోసేముందు కత్తిని తిరగేసి, మొద్దువైపుతో గీత పొడుగునా ఒకసారి పోనిస్తారు. తోలు మీద సన్నటి గుర్తు పడుతుంది గానీ తెగదు. సరిగ్గా ఉందనుకుంటే అప్పుడు కత్తి తిప్పి కోస్తారు. ఎంత తొందరున్నా, బయట ఎవరు ఎదురుచూస్తున్నా, మామగారు ఇది మానలేదు, కొడుకుని మాననివ్వలేదు. కోడలు కూడా తన పనిలో అలాగే చేసేది. తీసేయమని చెప్పేముందు, ఏమేం తీసేస్తావో ఊరికే చెప్పు చూద్దాం అని కంప్యూటర్ని అడిగేది.

ఆ మధ్యాహ్నం అడగలేదు. ముందుగదిలో బేకరీ పిన్ని గడియారం చూస్తోంది, అత్తగారు ఆవిడని కబుర్లలో పెట్టలేక అవస్థ పడుతున్నారు, భర్త తోలు కొనడానికి వెళ్ళి ఇంకా రాలేదు. ఆమె స్క్రిప్టు నడిపేసింది. అడ్డు చెప్పకు, నోరు మూసుకుని పని కానివ్వు అని కంప్యూటర్‌కి చెప్పే ఒక గుర్తు ఉంటుంది. అది కూడా తగిలించి మరీ నడిపింది.

కంప్యూటర్ నోరు మూసుకుని పని కానిచ్చింది.

డిస్కు సగం ఖాళీ అయింది. “హమ్మయ్య,” అనుకుని ఆమె బేకరీ పిన్నిగారి నంబరు కోసం ‘కాళ్ళు’ తెరవబోయింది. ‘కాళ్ళు’ లేదు. ‘కాళ్ళు పాతవి’ ఉంది.

ఆమె ఫోల్డర్ల జాబితా మళ్ళీ పైనుంచి చూసింది. తర్వాత స్క్రిప్టు తెరిచింది. తప్పు వెతకక్కరలేదు, మొదటి చూపులోనే కనపడింది. ఫోల్డర్ పేరు చుట్టూ కొటేషన్లు పెట్టలేదు. కొటేషన్లు ఉంటే ‘కాళ్ళు పాతవి’ ఒకే పేరు. లేకపోతే రెండు పేర్లు. ‘కాళ్ళు’ అనేదాన్ని తీసెయ్, ‘పాతవి’ అనేదాన్ని తీసెయ్. ‘పాతవి’ అని ఒంటిగా ఏ ఫోల్డరూ లేదు, లేదని చెబుదామంటే నోరు మూయించింది తనే. ‘కాళ్ళు’ మాత్రం ఉంది. దాన్ని నిక్షేపంగా తీసేసింది. ఆ వెంటనే బ్యాకప్‌లోనూ తీసేసింది.

 కొన్నేళ్ళ సవరణలు. వణుకుతున్న మనిషి ఎడంచేత్తో, మెడ వంచి, కళ్ళు చికిలించి, ఒక్కో పాదం మీద వారాలు కూర్చుని చేసినవి. పాతవాటిలో ఉన్నవి ఎప్పటివో, అవి చెదలు పట్టిన చెక్కల నకళ్ళు. వాటితో ఏం చేస్తారు?

ఫోన్ తీసుకుని పెరటి గుమ్మంలోకి వెళ్ళి కొటేషనక్కకి చేసింది.

కొటేషనక్క ఆమె పాత ఆఫీసులో పెద్దావిడ. ఎవరు ఏ స్క్రిప్టు రాసినా కుర్చీ వెనక వచ్చి నిలబడి, “కొటేషన్లేవమ్మా?” అనేది. పేరులో స్పేసు ఉన్నా లేకపోయినా, అవసరమున్నా లేకపోయినా పెట్టాల్సిందే. వెనకాల అందరూ ఆవిడని ఏడిపించేవాళ్ళు. కోడలు కూడా ఏడిపించింది. ఆవిడ సెలవు చీటీ రాసినా కొటేషన్లలో పెడుతుందని ఒక జోకు ఉండేది. అది పుట్టించింది కోడలే.

“అక్కా, నేనొకటి చేశాను,” అంది కోడలు. చెప్పుకుంటూ పోయింది. అవతలి మనిషి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను చెప్పలేదూ అని కూడా అనలేదు. అలా అనడానికి ఆవిడకి ఉన్నంత హక్కు ఎవరికీ లేదు.

“ముందు నువ్వు ఏడవకు,” అంది కొటేషనక్క. “ఆ కంప్యూటర్లో ఏమీ సేవ్ చెయ్యకు, ఏమీ కాపీ చెయ్యకు. స్కానర్ ముట్టుకోకు. పోయినవాటి మీద కొత్తవి పడకపోతే తిరిగి లాగే మార్గాలు ఉంటాయి. కొన్ని రావచ్చు, అన్నీ రాకపోవచ్చు. నిన్ను మభ్యపెట్టను.”

“సరే అక్కా.”

“ఇంకోటి. మిగిలి ఉన్నదాంట్లో ఏముందో చూశావా?”

“పాతవక్కా. చెత్త.”

“చూశావా అని అడిగాను.”

“లేదు.”

“చూడు. చూసేముందు మీ మామగారికి చెప్పు. ఆయన సామాను అది. నీకంటే ముందు తెలుసుకోవలసింది ఆయన.”

ఆ మాట కోడలు ఊహించలేదు. పోయినవన్నీ ఎలాగోలా తిరిగి తెచ్చి, ఆయనకు తెలియకుండా సర్దేద్దామని మనసులో ఎక్కడో ఉంది. ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, వర్క్‌షాపులోకి వెళ్ళింది.

మామగారు కిటికీ పక్కన ఎత్తు పీట మీద కూర్చుని ఒక పాత బూటు అడుగు ఊడదీస్తున్నారు. వణికే చేత్తో బూటు అదిమి పట్టుకుని ఎడంచేత్తో లాగుతున్నారు.

“మామయ్యా, ఒక తప్పు జరిగింది.”

“చెయ్యి తెగిందా?”

“లేదు.”

“అయితే కూర్చుని చెప్పు.”

ఆమె కూర్చోలేదు. “కాళ్ళన్నీ పోయాయి మామయ్యా. నేనే తీసేశాను. తొందరలో కత్తి తిరగెయ్యకుండా కోసేశాను,” అంది.

ముందుగదిలోంచి బేకరీ పిన్ని గొంతు వినిపించింది. “ఎవరి కాళ్ళండీ పోయాయి?”

“మీవి ఉన్నాయి లెండి, కూర్చోండి,” అని అత్తగారు సర్దిచెబుతున్నారు.

మామగారు బూటు పక్కన పెట్టారు. ఆయన ముఖంలో రంగు మారడం కోడలు చూసింది. ఆ క్షణాన తనని నాలుగు తిడితే బాగుండుననిపించింది.

“ఏవి పోయాయి? నంబర్లవా?” అని అడిగారాయన.

“నంబర్లవే. మీరు సవరించినవన్నీ.”

“మరి పాతవి? పేర్లున్నవి?”

“అవి ఉన్నాయి. అసలు పోవలసినవి అవే, మామయ్యా. అవి మిగిలాయి, ఇవి పోయాయి.”

మామగారు కళ్ళు మూసుకున్నారు. భుజాలు కదిలాయి. ఆయన ఏడుస్తున్నారనుకుని ఆమె ఒకడుగు ముందుకు వేసింది. ఆయన నవ్వుతున్నారు. నవ్వో దుఃఖమో ఆయనకే తెలియనట్టు, పంచె అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతున్నారు.

“అయితే ఏమీ పోలేదమ్మా. పద, చూపిస్తాను,” అన్నారు.

ఇద్దరూ కంప్యూటర్ దగ్గరికి వచ్చారు. మామగారు కుర్చీలో కూర్చుని ఎడంచేత్తో మౌస్ పట్టుకుని ‘కాళ్ళు పాతవి’ తెరిచారు. పేర్లు బారుగా వచ్చాయి. వాటి పక్కన చివరిసారి మార్చిన తేదీలు ఉన్నాయి. కోడలు వంగి చూసింది. పాతవి కావు. నిన్నటివి ఉన్నాయి. మొన్నటివి ఉన్నాయి.

“నాకు ఆ నంబర్లతో పొసగలేదమ్మా,” అన్నారు మామగారు, తెర వంకే చూస్తూ. “నంబరు చూస్తే కాలు గుర్తు రాదు. పేరు చూస్తే మనిషి కళ్ళ ముందు నిలబడతారు. ఎక్కడ నొప్పో వాళ్ళ గొంతుతో వినపడుతుంది. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్ళవి కూడా ఇందులోకి తెచ్చుకుని, ఇందులోనే చేసుకుంటున్నాను. అయినదాన్ని అబ్బాయి నీ నంబర్లలోకి కాపీ చేసి పెడుతున్నాడు, మెషీన్‌కి కావాలి కదా.”

“ఆయనకీ తెలుసా?”

“చెప్పొద్దన్నాను. నువ్వు రోజులు రోజులు కూర్చుని సర్దావు. బాగాలేదని ఏ నోటితో అనను?”

కోడలు పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. డిస్కు అంత త్వరగా ఎందుకు నిండిందో ఇప్పుడు తెలిసింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా తెలిసింది. అది తెలిసేసరికి ఇందాకటి కంటే ఎక్కువ భయం వేసింది.

“మామయ్యా, నేను కొటేషన్లు సరిగ్గా పెట్టి ఉంటే...”

“ఊఁ.”

“ఇదే పోయేది. మీరు చేసినదీ, చేస్తున్నదీ. నంబర్లలో అయిపోయినవి మాత్రం ఉండేవి, చేతిలో ఉన్న పనులన్నీ పోయేవి. ఈ పేర్లు పోయేవి. వాళ్ళన్న మాటలన్నీ పోయేవి. నాకు తెలిసేది కూడా కాదు. శుభ్రంగా అయిందనుకుని సంతోషించేదాన్ని.”

మామగారు వణికే చెయ్యి ఎత్తి ఆమె తల మీద పెట్టారు. ఆ చెయ్యి వణుకు ఆమె తలకంతా తెలిసింది. తను చేసిన తప్పు మీద అంత కృతజ్ఞత ఆమెకి జీవితంలో ఎప్పుడూ కలగలేదు. ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, ముందు ఆ చేతికే పెట్టుకుంది.

అప్పటికి అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మొత్తం విన్నట్టున్నారు.

“నువ్వేమో ఆయన మందుల షాపు అంటే మెచ్చుకున్నారనుకున్నావు. ఆయనేమో నువ్వు బాధపడతావని దొంగచాటుగా పనిచేసుకున్నారు. ఈ మర్యాదల్లో మా కొంప మునిగేది,” అన్నారు. “బేకరీ ఆవిడ కాలు తిమ్మిరెక్కిందట. ఎవరైనా చూస్తారా లేదా?”

చోటుకి ఇప్పుడు కొదవ లేదు. పోయింది కొత్త ఫోల్డరే గనక, అది పట్టిన సగం డిస్కూ ఖాళీగానే ఉంది. అయినా కొటేషనక్క మాట గుర్తొచ్చి, కోడలు ముందు ఆవిడకి ఫోన్ చేసింది. పోయినవన్నీ ఉన్నవాటి నకళ్ళేనని చెప్పింది. అవతల ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది.

“అయితే స్కాన్ చేసుకో. ఇంకెప్పుడూ ఇలాంటి అదృష్టం మీద ఆధారపడకు,” అంది కొటేషనక్క.

“అక్కా, మీమీద ఆ సెలవు చీటీ జోకు పుట్టించింది నేనే.”

“నాకు తెలుసు. బాగుంది కూడా. ఫోన్ పెట్టెయ్.”

బేకరీ పిన్నిగారి కాలు స్కాన్ అయింది. ఆవిడ మేజోళ్ళు తొడుక్కుంటూ, తన కాళ్ళు సురక్షితంగా ఉన్నాయో లేదో ఇంకోసారి అడిగి తెలుసుకుని మరీ వెళ్ళింది.

ఆవిడ వెళ్ళాక కోడలు మళ్ళీ కంప్యూటర్ దగ్గర కూర్చుంది. ఆ పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ అవి ఆమెకు స్క్రిప్టుకి అడ్డొచ్చే స్పేసులూ కొటేషన్లూ మాత్రమే. పోస్టాఫీసు అక్కయ్య కుడి "మెట్లు దిగేటప్పుడు కిందికి చూడలేదు". కవలల్లో చిన్నవాడు రెండూ "అన్నకంటే ముందొచ్చాను". వడ్రంగి తమ్ముడు ఎడమ "రాత్రి కాలు గుర్తు రాలేదు". చదువుతూ చదువుతూ ఆమె నవ్వుకుంది, రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు. వాటికి తను నంబర్లు వేసింది.

కిందికి వచ్చింది. మామగారు అటు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు, “ఇక చాల్లే, ఆ చివరివి చూడకు,” అన్నారు.

చూడకు అన్నాక చూడకుండా ఎవరుంటారు? చివరి పేరు ఇలా ఉంది: కోడలు రెండూ "".

కొటేషన్ల మధ్య ఏమీ లేదు. ఫోల్డర్ తెరిచింది. మొదటి ఫైలు ఎప్పుడో స్కానర్ కొత్తగా వచ్చినప్పుడు పనిచేస్తోందో లేదో చూడడానికి తన కాళ్ళనే పెట్టి తీసింది. ఆమె దాన్ని టెస్ట్ అని రాసి మరిచిపోయింది. దాని కింద సవరణలు. ఒకదాని తర్వాత ఒకటి. ఎడమ మడమ కింద రవ్వంత, మళ్ళీ ఇంకాస్త. చివరిది నిన్నటిది.

చిన్నప్పుడు గోడ మీంచి పడి ఆమె ఎడంకాలు కాస్త పొట్టిదైపోయింది. పెద్ద తేడా కాదు, చూసేవాళ్ళకి తెలియదు. సాయంత్రానికి నడుము ఒక పక్కకి లాగుతుంది, అంతే. ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందరి కాళ్ళకీ బూట్లు చేసే ఇంట్లో తన కాలి సంగతి చెబితే, వాళ్ళకి పని చెప్పినట్టుంటుందని మొహమాటపడింది.

“మీకెలా తెలుసు?” అంది.

“గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తావు కదమ్మా. ఎడమది వేళ్ళ దగ్గర అరిగి, మడమ దగ్గర కొత్తగా ఉంటుంది. వచ్చిన వారంలోనే చూశాను,” అన్నారు మామగారు. “నీ కొత్త ఫోల్డర్లో పెడితే నీ కంట పడుతుంది. అందుకని పాతదాంట్లో పెట్టాను. పాతది నువ్వు తెరవవని తెలుసు.”

 ఈ మనిషి ఎడంచేత్తో తన కాలు కోసం ఇన్నిసార్లు కూర్చున్నారు. అదంతా తను చెత్త అనుకుంది. ఒక్క జత కొటేషన్లు సరైన చోట పడి ఉంటే, చెక్కుతున్నవాళ్ళెవరో, ఎవరికోసమో కూడా తెలియకుండా తన కాళ్ళు తనే తుడిచేసేది.

ఆ వారమంతా ఆమె కొత్త స్క్రిప్టు రాసింది. ఈసారి నంబర్లు లేవు. మామగారి పేర్లే మెషీన్ దాకా వెళ్ళాలి. చిక్కంతా ఆ పేర్ల లోపలే ఉన్న కొటేషన్ల దగ్గర వచ్చింది. బయట కొటేషన్లు పెడితే లోపలివి వాటితో తగాదా పడతాయేమోనని భయపడి మళ్ళీ ఫోన్ చేసింది. కొటేషనక్క ఓపిగ్గా చెప్పింది. పేరుని నీ చేత్తో స్క్రిప్టులో రాయకు. ఫోల్డర్లోంచి వచ్చిన పేరుని వచ్చినట్టే ఒక డబ్బాలో వేసుకో. ఆ డబ్బా చుట్టూ కొటేషన్లు పెట్టు. లోపల ఏముందో కంప్యూటర్ మూత తీసి చూడదు, ఉన్నదున్నట్టు మోసుకెళ్తుంది. చెప్పడం అంతే. ఇంత సులువైనదానికి తను ఒక మనిషి పద్ధతినే మార్చేయాలని చూసిందని కోడలు సిగ్గుపడింది. బ్యాకప్ కూడా మార్చింది. ఇక్కడ పోయినది అక్కడ వెంటనే పోకుండా, కొన్నాళ్ళు ఒక పక్కన కూర్చునేలా చేసింది.

బూట్లు తయారయ్యాయి. భర్త కుట్టాడు, అత్తగారు లేసులు ఎక్కించారు. మామగారు వాటిని ఎవరో షాపుకి వచ్చినవాళ్ళకి ఇచ్చినట్టే ముందుగదిలో స్టూలు ముందు పెట్టి, “కూర్చోండి,” అన్నారు. అందరూ నవ్వారు. ఆమె తొడుక్కుని, లేచి, షాపు ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది.  ఆ ఇంట్లో ఆ నాలుగడుగులప్పుడు ఎవరూ మాట్లాడరు.

మామగారు అప్పటికే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఆమె ఫోల్డర్ పేరు మీద క్లిక్ చేసి, ఖాళీ కొటేషన్ల మధ్య గీత మిణుకుమిణుకుమంటుంటే చూస్తూ కూర్చున్నారు.

“మొహమాటానికి చెప్పకు. బాగాలేకపోతే ఖాళీగానే ఉంచుతాను,” అన్నారు.

ఆమె గది మధ్యలో ఆగిపోయింది. కిందికి చూసుకుంది. చిన్నప్పటి నుంచీ ఏ గదిలోకి వెళ్ళినా నేల కొంచెం ఎడమకి వాలి ఉన్నట్టే ఉండేది. అందరికీ అలాగే ఉంటుందనుకునేది.

“నేల ఇంత సమంగా ఉంటుందని తెలీదు మామయ్యా,” అంది.

మామగారు ఎడంచేతి చూపుడువేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. చాలాసేపు పట్టింది. “మామయ్యా అన్నది తీసెయ్యనా?” అని అడిగారు.

“వద్దు. ఉండనివ్వండి.”

మర్నాడు పొద్దున్న కోడలు స్క్రిప్టుని నడిపింది. ముందు కత్తి తిరగేసి, ఏమేం తీసుకెళ్తావో ఊరికే చెప్పమంది. పేర్లు ఒక్కొక్కటిగా తెర మీదికి వచ్చాయి. పోస్టాఫీసు అక్కయ్య వచ్చింది, కవలల్లో చిన్నవాడు వచ్చాడు, బేకరీ పిన్నిగారు వచ్చింది. అన్నిటికంటే చివర ఒకటి వచ్చింది. కోడలు రెండూ "నేల ఇంత సమంగా ఉంటుందని తెలీదు మామయ్యా". అన్ని స్పేసులతో, లోపలి కొటేషన్లతో, ఒకే వరుసలో. ఎక్కడా మధ్యలో తెగలేదు. ఆమె ఇంకోసారి పైనుంచి కిందిదాకా చదివి, అప్పుడు కత్తి తిప్పింది.